రాతిచెవులు

మూడు మైక్రోఆంపుల కోసం హసీనా తొమ్మిది రోజులుగా వెతుకుతోంది.

బల్ల మీద అగ్గిపెట్టెంత ఆకుపచ్చ సర్క్యూట్ పలక ఉంది. దాని నుంచి రెండు సన్నటి తీగలు మీటరుకు పోయాయి. చిప్ నిద్రలో ఉన్నప్పుడు ఆ పలక తాగాల్సింది రెండు మైక్రోఆంపులు. మీటరేమో ఐదు చూపిస్తోంది. మూడు ఎటో కారిపోతున్నాయి. ఇంట్లో బల్బు వెలిగించుకునే మనిషి దాన్ని కరెంటు అని కూడా అనడు. కానీ వేలెడంత లిథియం సెల్ ఒక్కదానితో భూమిలో పన్నెండేళ్లు బతకాల్సిన వస్తువుకు ఆ మూడూ రెండేళ్ల ఆయుష్షు నష్టం.

రెసిస్టర్లు మార్చింది. చిప్ కాళ్లు ఒక్కొక్కటే లేపి చూసింది. చివరికి పదో రోజు పొద్దున, వర్షం తుంపర పడి లేబరేటరీ కొంచెం చెమ్మగిల్లినప్పుడు ఐదు కాస్తా ఏడయింది. అప్పుడు అర్థమైంది. తప్పు సర్క్యూట్‌ది కాదు, సోల్డరింగ్ చేశాక పలక మీద మిగిలిన జిడ్డుది. ఆ జిడ్డు గాలిలో తేమ పీల్చుకుని రెండు కాళ్ల మధ్య కంటికి కనబడని వంతెన కడుతోంది. పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌తో పలకను రుద్ది కడిగి, ఆరబెట్టి మళ్లీ మీటరు తగిలించింది. రెండు పాయింట్ ఒకటి.

గదిలో ఎవరూ లేకపోయినా "వచ్చింది!" అని అరిచింది.

అనంతపురంలో వాళ్ల పరిశోధన సంస్థ ఆ పరికరానికి పొడవాటి ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. హసీనా మాత్రం మొదటి నుంచీ 'చెవి' అనేది. ఎండిపోయిన బోరులోకి దాన్ని దింపి, రాతిగోడకు అతికిస్తే అది వింటుంది. నడిచే ప్రతి మోటారుకూ తనదైన వణుకు ఒకటి ఉంటుంది. రాతి సందుల్లో పారే నీటిపొర ఆ వణుకును కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. నీళ్లు లేని సందు మోయదు. ఒక ఊళ్లో అరవై చెవులు పెట్టి, ఏ వణుకు ఏ చెవికి ఎంతసేపట్లో చేరిందో కలిపి చూస్తే, నేల కింద ఏ నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ మోటారు ఎవరి బోరులోంచి లాగుతోందో పటం గీయవచ్చు. అంతవరకూ భూమి లోపలి నీళ్ల సంగతి ఎవరికీ అంత తేటగా తెలియలేదు.

"దీనికి మన మాట వినే ఏర్పాటు ఏమైనా పెడుతున్నావా?" అని ప్రాజెక్టు పెద్ద పద్మనాభం ఒకసారి అడిగాడు. "అవసరమైతే ఆగమనో, ఊరుకోమనో చెప్పడానికి."

"వినాలంటే రేడియో మేలుకుని ఉండాలి సార్. మాట్లాడటం రెప్పపాటు పని. మనం ఎప్పుడు పిలుస్తామా అని కాచుకుని ఉండటానికే కరెంటంతా పోతుంది. ఆ భాగం పెడితే సెల్ నాలుగేళ్లకే అయిపోతుంది."

"అయితే తీసెయ్."

తీసేసింది. ఆ పనికి ఆమె లోలోపల గర్వపడింది కూడా.

ఇంటికి వెళ్లి తండ్రి బాబయ్యకు రెండు వేళ్లు చూపించింది. బాబయ్య ఇరవయ్యారేళ్లు బోరు లారీ మీద పని చేశాడు. ఆ యంత్రం మోతకు రెండు చెవులూ పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు, తనకు వినబడదు కాబట్టి గట్టిగా మాట్లాడతాడు.

"రెండుకొచ్చిందా? ఇంగ నీల్లు యాడుండాయో చెప్తాదా అది?"

"యాడుండాయో కాదు నాయనా. యాడికి పోతాండాయో చెప్తాది."

బాబయ్య నవ్వలేదు. "రెండోది అడిగినోడు నాకు ఒక్కడూ తగల్లేదమ్మా ఇన్నేండ్లలో," అన్నాడు.

గువ్వలమిట్టలో అరవై రెండు ఎండు బోర్లు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో ఒక చెవిని దింపి, పైన సిమెంటు మూత పోశారు. యాంటెనా కూడా ఆ సిమెంటులోనే కలిసిపోయింది. పిల్లలు పడిపోయే గుంతలన్నీ మూతపడ్డాయని ఊరికి ముందు ఆ సంతోషమే ఎక్కువ. పంచాయతీ ఆఫీసులో ఒక తెర బిగించారు. ఆ ఊళ్లో ఇంటర్నెట్‌ను నమ్ముకోలేక, తెర వెనక డబ్బాయే చెవుల మాటలు నేరుగా అందుకుని పటం గీసేలా చేశారు. ఒక నకలు మాత్రం లేబరేటరీకి వస్తుంది. అరవై రెండు మాటలు కలిసి పటం తేటపడటానికి మూడు నెలలు పడుతుందని హసీనా చెప్పింది.

"మాకు తెలీందేముంది మేడం," అన్నాడు ఒకాయన సర్పంచ్ బయపరెడ్డి ముందే. "పదైదు హార్స్‌పవర్ మోటార్లు ఎవురికుండాయో ఊరంతా తెల్సు."

బయపరెడ్డి నవ్వాడు. "తేలనీలేప్పా. నాదే అని తేల్తే నేనే ఆపుతా, అందరి ముందరా చెప్తాండా."

ఆ రోజు వాళ్లకు మజ్జిగ తెచ్చిచ్చినామె అశ్వర్థమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. మొగుడు లారీ కింద పడి పోయి ఆరేళ్లయింది. ఎకరన్నర మల్బరీ, ఒక రేకుల షెడ్డులో పట్టుపురుగులు, ఐదు హార్స్‌పవర్ మోటారు, బెంగళూరులో నర్సింగ్ చదువుతున్న కూతురు. అంతే ఆమె సంసారం. పొలం మూలనున్న ఎండు బోరులో చెవి పెట్టుకోమని అందరికన్నా ముందు ఒప్పుకున్నది ఆమే. "మా బడి బోరు యాల ఎండిపోతాందో కనుక్కోండి పాపా. పిల్లోల్లు రెండు మైళ్లు పొయ్యి మోసుకొస్తాండారు నీల్లు," అంది.

ఆ సంవత్సరం వానలు మొహం చాటేశాయి. మూడో నెల చివర ఒక సోమవారం మధ్యాహ్నం లేబరేటరీ తెర మీద గువ్వలమిట్ట పటం మొదటిసారి తేటగా వచ్చింది.

బయపరెడ్డి మూడు బోర్లూ ఊరికి ఎగువన వేరే సందులో ఉన్నాయి. వాటికీ మిగతా ఊరికీ సంబంధమే లేదు. ఊరి కింద నాలుగు రాతిసందులు వచ్చి ఒక్క చోట కలుస్తున్నాయి. ఆ కలిసే చోట సరిగ్గా నడినెత్తి మీద ఒక బోరు ఉంది. అది తిరిగిన రెండు గంటలకు బడి బోరు అడుగంటుతోంది, దానితో పాటు ఇంకో ముప్పై ఒకటి. అది అశ్వర్థమ్మ బోరు.

హసీనా నమ్మలేదు. లెక్క మళ్లీ మొదటి నుంచి చేసింది. ఆ పక్క చెవి చెడిందేమో అని చూసింది. మిగతా అరవై ఒక్క చెవులూ అదే మాట చెప్పాయి.

పద్మనాభం కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు మెరిశాయి. "ఇంత చిన్న మోటారు! హసీనా, దీన్ని ప్రపంచంలో ఎవరూ చూపించలేదు."

"ఆమె ఒంటరి మనిషి సార్. పంచాయతీ తెర మీద ఎప్పుడు కనబడుతుంది?"

"మొదటిసారి పటం గీయడానికి అక్కడి డబ్బా కొంచెం నిదానం. రెండు రోజులు పట్టొచ్చు."

మర్నాడు పొద్దున హసీనా గువ్వలమిట్ట బస్సెక్కింది. ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో కూర్చుకుంది.

అశ్వర్థమ్మ షెడ్డులో ఉంది. పురుగులు ఆ పొద్దునే నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే పురుగు తిండి మాని, కదలకుండా పడుండి పాత చర్మం విడిచే సమయం. నాలుగోది లేచాక ఇక వారం రోజులు అవి తినే తిండికి అడ్డూ ఆపూ ఉండదు. రోజుకు ఐదు మార్లు ఆకు పడాలి. ఒక్క పూట తప్పినా గూడు కట్టవు. వేల పురుగులు ఒక్కసారి ఆకు నములుతుంటే రేకుల మీద వాన పడుతున్నట్టుంది.

"ఇంట్లో మనుషులున్నట్టే ఉంటాది పాపా ఈ సప్పుడు," అంది అశ్వర్థమ్మ ఆకు పరుస్తూ. "కూచో. అన్నం తింటువుగాని. ఏమంటాండాయి నీ చెవులు? బడి బోరు సంగతి తేలిందా?"

హసీనా చెప్పబోయింది. ఆమె మొహం చూసింది. చెంపకు అంటుకున్న ఆకు తునక చూసింది.

"ఇంకా తేలలేదక్కా," అంది.

అన్నం తిని, వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ చూసుకోవాలి, ఇంకోసారి సరిచూసి చెబుదాం, అని తనకు తాను సర్దిచెప్పుకుంది. సరిచూడాల్సింది ఏమీ లేదని ఆమెకు తెలుసు.

బుధవారం సాయంత్రానికి పటం పంచాయతీ తెర మీదికి వచ్చింది. గురువారం పొద్దున ఊరు అశ్వర్థమ్మ పొలం దగ్గరికి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. "నీ తప్పేం లేదుమ్మా, నీకూ తెలీదు, మాకూ తెలీదు" అన్నారు. అని, మోటారు తీగ విప్పి చుట్టచుట్టి గట్టున పెట్టారు. బడి బోరులో ఆ మధ్యాహ్నమే మూడడుగుల నీళ్లు లేచాయి. పిల్లలు కేకలు వేశారు.

అశ్వర్థమ్మ బయపరెడ్డి ఇంటికి పోయి అడిగింది. "ఆరు దినాలు సామీ. గూడు కట్టేదాకా. ఆమైన మీరెట్ల చెప్తే అట్ల."

"నేనొక్కన్ని చెప్తే అవుతాదా అశ్వర్థమ్మా. ముప్పై రెండు బోర్లోల్లు ఉండారు," అన్నాడు బయపరెడ్డి. ఆయనకు మనసు లేక కాదు. తన బోర్ల మీద మూడేళ్లుగా పడ్డ నింద ఆ తెర చెరిపేసింది. ఇప్పుడు తెరకు ఎదురు మాట్లాడే ధైర్యం ఆయనకు లేదు.

రెండు రోజుల్లో మల్బరీ ఆకు వాడింది. మూడో రోజు తెల్లవారుజామున అశ్వర్థమ్మ తీగ తగిలించుకుని ముప్పై ఐదు నిమిషాలు మోటారు తిప్పి, మళ్లీ విప్పి చుట్టిపెట్టింది. ఎవరూ చూడలేదు. కానీ పంచాయతీ తెర మీద ఆమె బోరు దగ్గర ఎర్ర చుక్క పడింది. పక్కనే గంట, నిమిషం, ఎంతసేపో అన్నీ ఉన్నాయి. తొమ్మిది గంటలకల్లా నలుగురు వచ్చి మోటారు స్టార్టర్ డబ్బానే విప్పుకుపోయారు. ఈసారి తిట్టారు. "దొంగ నీల్లు" అన్న మాట ఆమె మొదటిసారి విన్నది.

ఇదంతా ఆమె కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసి చెబితే హసీనాకు తెలిసింది. ఆ అమ్మాయి ఏడవలేదు. "మా అమ్మ మీకు అన్నం పెట్టిందంట కదా మేడం," అని మాత్రం అంది.

హసీనా పద్మనాభం గదికి పరుగెత్తింది. "సార్, ఆ పొలంలో చెవి ఒక్కటి ఆగితే చాలు. వారం రోజులు."

"ఎలా ఆపుతావు?"

తెర, దాని డబ్బా పంచాయతీ చేతిలో ఉన్నాయి, ఊరు వాటిని ఆపనివ్వదు. చెవికేమో వినే భాగం లేదు. పన్నెండేళ్లు అది చెబుతూనే ఉంటుంది. మూత పగలగొడితే ఆరు వందల అడుగుల గుంత మళ్లీ తెరుచుకుంటుంది, పైగా ఆ పక్క చెవులు కూడా అదే చెబుతాయి. అలా ఉండాలనే కదా ఏడాదిన్నర కష్టపడింది.

ఆ సాయంత్రం తండ్రి ఎదుట కూర్చుని పెదాలు స్పష్టంగా కదుపుతూ జరిగిందంతా చెప్పింది.

"బోరు వేసేటప్పుడు నీల్లు పడితే అందరూ మొక్కుతారు," అన్నాడు బాబయ్య చివరికి. "ఆ నీల్లు పక్కోని బోరులోంచి వచ్చినాయని నాకు పైపు పట్టుకుంటే తెలుస్తాండె. వణుకు మారతాది. నేనెప్పుడూ చెప్పలే. చెప్తే కొట్టుకుంటారని. నువ్వు చెప్పే మిషను చేసినావు. మంచిదే. మరి చెప్పినాక ఏం చేయాలనో గూడ నువ్వే చెప్పాల కదా. ఆ బోరు మూసేది ఎందుకు? అన్ని సందులూ కలిసేది ఆడే అయితే, మిగతా ముప్పై రెండూ మూసి అదొక్కటే తిప్పమను. అందరికీ పంచమను."

హసీనా తండ్రి చేతులు పట్టుకుంది. తర్వాతి రోజే గువ్వలమిట్టలో ఊరిని కూర్చోబెట్టి అదే చెప్పింది. పటం చూపించింది. ఒక్క బోరు నుంచి పైపులు వేసి వంతులు పెట్టుకుంటే ఇప్పటి నీళ్లతోనే ఇంకో మూడేళ్లు గడుస్తాయని నిరూపించింది. రెండు గంటలు వాదులాడుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు.

అశ్వర్థమ్మ వెనక వరసలో కూర్చుంది. "నీకేమమ్మా, సమ్మతమేనా?" అని బయపరెడ్డి అడిగితే "అందరూ సమ్మతమైనాక నేనేం చెప్పేది" అంది. ఆమె పురుగులు అప్పటికే సగం నల్లబడి రాలిపోయాయి. ఇక గూడు కట్టని మిగిలినవాటిని ఆమే తట్టల్లో ఎత్తి పొలం గట్టున గుంత తీసి పూడ్చింది.

ఆరు నెలలకు పైపులు పడ్డాయి. బడి కొళాయిలో నీళ్లు వచ్చాయి. ముప్పై రెండు కుటుంబాల వేరుశనగ నిలబడింది. అశ్వర్థమ్మకూ అందరిలాగే వంతు వచ్చింది, తొమ్మిది రోజులకు ఒకసారి. వేరుశనగకు అది చాలు. మల్బరీకి చాలదు. ఆమె తోట పీకేసింది. బోరు దగ్గర వాల్వులు తిప్పే పనికి పంచాయతీ ఆమెనే పెట్టుకుంది. తన బోరు నుంచి ఎవరి వంతుకు వాళ్లకు నీళ్లు వదిలేది ఇప్పుడు ఆమే.

వేరే జిల్లాలు నాలుగు వేల చెవులు కావాలన్నాయి. పద్మనాభం హసీనాకు శాలువా కప్పి సన్మానించాడు. ఆ శాలువా బీరువాలో పెట్టి, ఆ తర్వాతి ఆదివారం ఆమె గువ్వలమిట్ట వెళ్లింది.

అశ్వర్థమ్మ వాల్వు తిప్పుతోంది. ఆపలేదు. తిప్పడం అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుని బోరు గట్టు మీద కూర్చుంది. షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల తట్టలు బోర్లించి ఉన్నాయి.

"బాగుండావా పాపా?"

"ఉండానక్కా."

అశ్వర్థమ్మ పక్కకు జరిగి హసీనాకు చోటిచ్చింది.

"ఒకటి అడుగుతా. ఆ దినం నువ్వొచ్చి అన్నం తిన్నబ్బుడు, నీకు తెల్సు కదా?"

హసీనా అబద్ధం చెప్పలేకపోయింది. "తెలుసక్కా."

"నేనట్లే అనుకుంటి." అశ్వర్థమ్మ గొంతులో కోపం లేదు. అదే హసీనా తట్టుకోలేకపోయింది. "బోరు పోతే పోనీ పాపా. ఊరి పిల్లోల్లు తాగుతాండారు. నేనేం రాయి కాదు. ఆపొద్దే చెప్పింటే, పక్కూర్లో మా అన్నోల్ల తోటలో ఆకు ఉండె, మర్నాడే అమ్మేసిరి. తట్టలన్నీ ఆటోలో ఏసుకొని పోయుందును. పురుగులు బతుకుతాండె. నన్ను దొంగ అనకుండా ఉందురు. ఒక్క దినం ముందర చెప్పింటే సాలు."

మూడు మైక్రోఆంపుల కోసం తొమ్మిది రోజులు వెతికిన హసీనా, ఆ ఒక్క రోజుకు చెప్పదగిన సాకు ఏదీ తనలో వెతుక్కోలేదు. వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. అశ్వర్థమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. "వద్దులే పాపా. లెయ్యి. బస్సు పోతాది."

కొత్త చెవుల నమూనా బల్ల మీద పెట్టినప్పుడు పద్మనాభం మొహం మాడిపోయింది.

"వినే భాగం పెట్టావా? ఆయుష్షు ఎంత?"

"నాలుగేళ్లు."

"పన్నెండేళ్లని ఒప్పుకున్నాం. నాలుగేళ్లకు ఎవరు కొంటారు? సరే, ఆగమంటే ఆగుతుంది. ఆగమనే హక్కు ఎవరిది? నీదా? నాదా? రేపు ఎవడో పెద్దమనిషి తన బోరు సంగతి దాచమంటే?"

"దాని జవాబు నాకూ తెలియదు సార్. పటం తేలిన రోజు నుంచి కొన్నాళ్లు మాత్రం ఊరి తెర మీదికి పోకూడదు. అది ఎవరి బోరో వాళ్లకు ముందు తెలియాలి. అంతవరకే. దాచడం కాదు. అది కుదరకపోతే వేరేవాళ్లతో చేయించుకోండి."

ఆయన రెండు వారాలు మాట్లాడలేదు. చివరికి ఒక్క ఊరికి, ప్రయోగంగా మాత్రమే ఒప్పుకున్నాడు.

ఆ ఊరి పేరు సంకువారిపల్లి. నాలుగో నెలలో పటం తేలింది. హసీనా అరవై చెవులకూ ఆగమని కబురు పంపింది. ఒక్కొక్కటే మాట ఆపాయి. ఆమె బస్సెక్కి దిగి, ఇమాంసాబ్ అనే రైతు తోట ఎక్కడని అడుగుతూ నడిచింది. అతన్ని ఆమె అంతకుముందు చూడలేదు.

యాభై దాటిన మనిషి. టమాటా మొక్కలకు కట్టెలు పాతి పురికొసతో కడుతున్నాడు. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆమె ఎవరో చెప్పుకుంది. ఊళ్లో చాలా బోర్లు ఎండిపోతున్నది అతని బోరు వల్లేనని ఈసారి దాచకుండా చెప్పింది.

ఇమాంసాబ్ అంతా విన్నాడు. చేతిలో పురికొస అట్లాగే ఉండిపోయింది.

"ఊర్లో ఎవురికి తెల్సు?"

"ఎవరికీ తెలియదు. ముందు మీకే చెబుతున్నాను."

"ఎన్ని దినాలుండాయి నాకు?"

"పదిహేను రోజులు చెవులు మాట్లాడవు. కావాలంటే ఇంకో ఐదు అడిగి చూస్తాను."

అతను సాళ్ల వైపు చూశాడు. ఒక కాయను వేళ్లతో నొక్కి చూశాడు. "ఇరవై అయితే మొదటి కోత సక్కంగా అయిపోతాది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ తర్వాత అడిగాడు. "మా ఊరి బడి బోరు గూడ ఈ సందులోదేనా మేడం?"

"అవును."

ఇమాంసాబ్ తల వంచుకుని మొక్కను కట్టెకు చేర్చి ముడి వేశాడు. ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

"అయితే ఇరవై వద్దు. పద్నాలుగు సాలు," అని పక్క మొక్క దగ్గరికి జరిగాడు.